ఎనర్జీ ఎవరు ఎక్కువ వాడుతున్నారు? రాష్ట్రాల లెక్క, మన ఎకరం లెక్క

పై వీడియోలో బోర్డు మీద వేసిన లెక్కలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియోలో అంకెలు గబగబా వెళ్లిపోతాయి. ఇక్కడైతే పెన్నూ కాగితం పట్టుకుని, మీ పొలం అంకెలు వేసుకుంటూ నిదానంగా చదువుకోవచ్చు.

ఈ మధ్య రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి. ఒకటి బయటివాళ్లు అనేది: "తెలంగాణ, పంజాబ్ రైతులు కరెంటు తాగేస్తున్నారు. బిహార్‌లో చూడండి, ఎంత తక్కువ వాడతారో" అని. రెండోది మనవాళ్లు అనేది: "మాది ప్రకృతి వ్యవసాయం, మేం ఎనర్జీ వాడం" అని. రెండింటిలోనూ నిజం కొంతే ఉంది.

నేను జనగామ వైపు సాగు చేస్తూ, గానుగ నూనె, దేశీ బియ్యం అమ్ముతాను. కాబట్టి ఆ రెండో మాట నాకు నేరుగా తగిలింది. మా దగ్గర టోకుగా కొనే ఒకాయన, ప్యాకెట్ మీద "తక్కువ ఎనర్జీతో పండించినది" అని వేస్తే బాగా పోతుందన్నారు. వేయడం ఎంతసేపు? కానీ నేను కోనసీమ నుంచీ బియ్యం తెప్పిస్తాను, మా బోరు కింద పండినవీ అమ్ముతాను. ఆ మాట దేనికి వేయొచ్చు, దేనికి వేయకూడదు? అది తేల్చడానికి కూర్చుంటే ఈ లెక్కంతా బయటికొచ్చింది.

ముందు అన్నిటికీ ఒకే కొలత

కరెంటును యూనిట్లలో, డీజిల్‌ను లీటర్లలో, గ్యాస్‌ను సిలిండర్లలో, కట్టెలను మోపుల్లో కొలుస్తాం. వీటన్నిటినీ ఒకే తక్కెడలో వేయకపోతే ప్రాంతాల మధ్య పోలిక కుదరదు. గుర్తుంచుకోవడానికి తేలికగా ఉండేలా సుమారు అంకెలు ఇస్తున్నాను.

ఒక లీటరు డీజిల్‌లో ఉండే వేడిశక్తి దాదాపు 10 యూనిట్లు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లో దాదాపు 180 యూనిట్లు. బాగా ఎండిన కట్టెలు కిలోకు 4 యూనిట్లు. మన దేశపు బొగ్గు కూడా కిలోకు 4 యూనిట్లకు కాస్త అటూ ఇటూ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కరెంటు యూనిట్, బొగ్గు యూనిట్ ఒకటి కావు. బొగ్గును కాల్చి కరెంటు తీస్తే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే చేతికొస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. అందుకే మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతోంది. దేశంలో తయారయ్యే కరెంటులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గుదే. కాబట్టి స్టార్టర్ నొక్కి ఒక యూనిట్ వాడామంటే, ఎక్కడో గనిలో దాదాపు మూడు యూనిట్ల బొగ్గు తవ్వినట్టే.

కట్టెల పొయ్యిదీ ఇదే కథ. మామూలు పొయ్యిలో కట్టెల వేడి పదో వంతుకు కాస్త ఎక్కువే గిన్నెకు తగులుతుంది. గ్యాస్ పొయ్యిలో సగానికి పైగా తగులుతుంది. అందుకని ఒక సిలిండర్‌తో అయ్యే వంటకు 200 కిలోల పైన కట్టెలు కావాలి. అంటే మొత్తం ఎనర్జీ లెక్కలో చూస్తే, కట్టెల మీద వండే పేద ఇల్లు గ్యాస్ మీద వండే ఇంటి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వాడినట్టు కనిపిస్తుంది. ఎక్కువ ఎనర్జీ వాడితే ఎక్కువ సుఖమని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చెప్పండి.

తలసరి అంకెలో ఎవరెవరు కలిశారు?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, ఏటా తలసరి కరెంటు వాడకం ప్రకటిస్తుంది. 1947లో అది 16 యూనిట్ల చిల్లర. 2023-24కి 1,395 యూనిట్లు. ఇది దేశం మొత్తానికి సగటు. రాష్ట్రాలుగా విడదీస్తే బిహార్ 400 లోపే ఉంటుంది. తెలంగాణ, గుజరాత్, పంజాబ్ 2,000 దాటి ఉంటాయి. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ అయితే జాతీయ సగటుకు ఎన్నో రెట్లు.

మరి డామన్‌లో ఒక్కో మనిషి అంత కరెంటు ఏం చేసుకుంటున్నాడు? ఏమీ లేదు. అక్కడ ఫ్యాక్టరీలు ఎక్కువ, జనం తక్కువ. ఫ్యాక్టరీలు వాడినదంతా కొద్దిమంది జనం మీద పంచితే తలసరి ఆకాశానికెళ్తుంది. ఛత్తీస్‌గఢ్ అంకె పెద్దగా ఉండటానికి కారణం కూడా భిలాయ్ స్టీలు, కోర్బా అల్యూమినియం లాంటివే గానీ బస్తర్ పల్లెల్లో ఏసీలు తిరగడం కాదు.

కేరళ దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ కరెంటులో పెద్ద వాటా ఇళ్లదే, వ్యవసాయానిది చాలా చిన్నది. మన తెలంగాణ, కర్ణాటక, రాజస్థాన్‌లలో అయితే వ్యవసాయం ఒక్కటే మూడో వంతుకు అటూ ఇటూగా తీసుకుంటోంది. దేశం మొత్తం మీద అది ఆరో వంతు చిల్లర. కాబట్టి తలసరి అంకె చూడగానే, ఆ సగటులో ఫ్యాక్టరీ ఎంత, ఇల్లు ఎంత, బోరు ఎంత అని అడగాలి. అడగకుండా రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెట్టడమంటే, పాలిచ్చే గేదెనీ దున్నే ఎద్దునీ దాణా ఎంత తిన్నాయని పోల్చినట్టే.

వ్యవసాయ వాడకం అంకెతో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా రాష్ట్రాల్లో పంపుసెట్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి, దాన్నిబట్టి మొత్తం అంచనా వేస్తారు. లైన్ల నష్టాలు, కొక్కేల కరెంటు కొంత మన రైతుల ఖాతాలోకి జారే వీలుంది. గుజరాత్ 2003 నుంచి జ్యోతిగ్రామ్ పథకం కింద ఊరి ఫీడర్‌నీ పొలం ఫీడర్‌నీ విడదీసింది. అలా విడదీసిన చోట వ్యవసాయానికి ఎంత పోతోందో లెక్క కాస్త తేటగా ఉంటుంది.

కాలేది ఒక చోట, వాడేది ఇంకో చోట

రామగుండం ఎన్టీపీసీ స్టేషన్ 2,600 మెగావాట్లది. సింగరేణి బొగ్గు అక్కడ కాలుతుంది, కరెంటు మాత్రం తెలంగాణతో పాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళకూ వెళ్తుంది. బొగ్గు లెక్క చూస్తే పెద్దపల్లి జిల్లా ఎనర్జీ మింగేసినట్టు ఉంటుంది. ఫ్యాన్ తిరిగేది మాత్రం కొట్టాయంలో కావచ్చు. ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారు దాకా ప్రత్యేకంగా పెద్ద లైనే వేశారు. బూడిద తాల్చేరులో పడుతుంది, వెలుగు బెంగళూరులో కనబడుతుంది.

డీజిల్ కూడా అంతే. ఏ రాష్ట్రంలో ఎంత అమ్ముడైందో లెక్క ఉంటుంది గానీ ఎక్కడ కాలిందో ఉండదు. కోనసీమ వాళ్లకి యానాం సంగతి చెప్పక్కర్లేదు. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి చుట్టుపక్కల బండ్లన్నీ అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. అమ్మకం లెక్కలో అది పుదుచ్చేరి ఖాతా, కాలేది గోదావరి జిల్లాల రోడ్ల మీద.

మనకు బాగా సంబంధించిన ఉదాహరణ యూరియా. అది సహజవాయువుతో తయారవుతుంది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 2021లో మళ్లీ మొదలై, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో నడుస్తోంది. అక్కడ వాడిన గ్యాస్ పరిశ్రమల ఖాతాలో పడుతుంది. ఆ బస్తా నల్లగొండ పొలంలో పడ్డా, మరాఠ్వాడా పొలంలో పడ్డా, వ్యవసాయం వాడిన ఎనర్జీగా ఎక్కడా కనబడదు. అంటే ఒక రైతు యూరియా మానేస్తే, ఆ జిల్లా ఎనర్జీ లెక్కలో ఒక్క యూనిట్ కూడా తగ్గదు. ఆదా అయిన మాట నిజమే. అది కనబడేది మాత్రం ఎక్కడో ఫ్యాక్టరీ గ్యాస్ మీటర్‌లో.

ఇలాంటి లెక్కే సిక్కింది. 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించారు. గొప్ప విషయమే, నాకూ గౌరవమే. కానీ అక్కడివాళ్లు తినే బియ్యంలో చాలా భాగం సిలిగురి మీదుగా కింది మైదానాల నుంచి లారీల్లో ఎక్కుతుంది. ఆ పంట నీళ్లూ యూరియా వేరే రాష్ట్రాల లెక్కలో ఉంటాయి. హద్దు ఎక్కడ గీస్తున్నామో చెప్పకుండా ఒక ప్రాంతం తక్కువ వాడుతోందని అనలేం.

అసలు తేడా నీటి లోతులో ఉంది

వ్యవసాయం వరకే చూస్తే, ప్రాంతాన్ని బట్టి ఎనర్జీ ఎందుకు మారుతుందో ఒక్క ప్రశ్నతో చాలావరకు తేలిపోతుంది. నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయి?

వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తడానికి 0.0027 యూనిట్లు చాలు. ఇది భౌతికశాస్త్రం, ఎవరూ మార్చలేరు. మోటారు, పంపు, పైపు రాపిడి అన్నీ పోగా మన సెట్లు 40 శాతమే పనిచేస్తున్నాయని అనుకుందాం. యాసంగి వరికి ఎకరానికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్ల పైన నీళ్లు పెడతామని అనుకుందాం. ఇప్పుడు ప్రాంతాలు మారుద్దాం.

గోదావరి డెల్టా: 1852లో కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచీ నీళ్లు వాలు మీద వాటంతట అవే వస్తున్నాయి. శివారు భూముల్లో ఇంజన్లు పెట్టి తోడే వాళ్లను వదిలేస్తే, దాళ్వా వరికి పంపు ఖర్చు సున్నా.

బిహార్ గంగా మైదానం: నీళ్లు 30 అడుగుల్లో దొరికే చోట్లు చాలా ఉన్నాయి. తోడేది మాత్రం చాలామంది డీజిల్ ఇంజన్‌తో. పాత ఇంజన్, పంపు కలిపి 15 శాతం పనితనం వేసుకుంటే, అన్నే నీళ్లకు దాదాపు 80 లీటర్ల డీజిల్. ఇది కరెంటు లెక్కలో కనబడదు కాబట్టి బిహార్ రైతు ఏమీ వాడనట్టు ఉంటుంది. లీటరు 90 రూపాయలు వేసుకున్నా ఎకరానికి 7,200 రూపాయలు జేబులోంచి పెట్టాలి. అందుకే అక్కడ చాలామంది పంటకు కావాల్సిన తడుల కంటే తక్కువ ఇచ్చి సరిపెట్టుకుంటారు. దాన్ని పొదుపు అనకండి, ఇబ్బంది అనండి.

మా జనగామ వైపు: మోటారు నడుస్తున్నప్పుడు నీటి మట్టం 200 అడుగులు, అంటే 60 మీటర్లు. ఎకరం యాసంగి వరికి దాదాపు 2,000 యూనిట్లు. సరిచూసుకోవాలంటే, 5 హెచ్‌పీ మోటారు గంటకు నాలుగున్నర యూనిట్లు తీసుకుంటే ఇది రోజుకు 4 గంటల చొప్పున 110 రోజులు. మన అనుభవానికి దగ్గరగానే ఉంది కదా? బొగ్గులో చెప్పాలంటే 1.4 టన్నులు, ఒక్క ఎకరానికి. లైన్లలో పోయేది ఇందులో కలపలేదు.

అనంతపురం: 500 అడుగుల నుంచి తోడితే అదే వరికి 5,000 యూనిట్లు. అందుకే అక్కడి రైతు వరి జోలికి పోకుండా వేరుశనగ, చీనీ వైపు పోతాడు. నాలుగు అంగుళాల తడులు ఇచ్చి వేరుశనగ గట్టెక్కిస్తే 410 యూనిట్లతో అయిపోతుంది.

పంజాబ్‌లో 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు. అప్పుడే ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. పంజాబ్‌లో భూగర్భజలం అడుగంటుతుంటే, 2009లో జూన్ 10 లోపు నాట్లు వేయొద్దని చట్టమే చేశారు. నీటి మట్టం ప్రతి 50 అడుగులు దిగినప్పుడల్లా, 200 అడుగుల దగ్గరున్న రైతుకు ఎనర్జీ నాలుగో వంతు పెరుగుతుంది. బిల్లు లేదు కాబట్టి ఆ పెరుగుదల మన కంటికి ఆనదు.

ఉచిత కరెంటు తీసేయాలని నేను అనడం లేదు. డెల్టా రైతుకు నీళ్లు ప్రభుత్వం కట్టిన ఆనకట్ట రూపంలో వస్తున్నాయి, మెట్ట రైతుకు కరెంటు రూపంలో వస్తున్నాయి. ఆనకట్టకు పెట్టిన ఖర్చును ఎవరూ ఏటా పేపర్లో వేసి తిట్టరు, కరెంటు సబ్సిడీని మాత్రం ఏటా వేసి తిడతారు. ప్రాంతాల మధ్య పోలిక పెట్టేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

యూరియా బస్తాలో ఎంత డీజిల్ ఉంది?

ఇప్పుడు మన వంతు. ఒక టన్ను యూరియా తయారీకి ఫ్యాక్టరీలు దాదాపు 55 నుంచి 60 లక్షల కిలో కేలరీలు వాడతాయి. దాన్ని 45 కిలోల బస్తాకు తగ్గించి, డీజిల్‌లోకి మార్చితే దాదాపు 30 లీటర్లు వస్తుంది. ఒక్క బస్తా అంటే 30 లీటర్ల డీజిల్ శక్తి. ఎకరం వరికి మూడు బస్తాలు వేసేవాళ్లు 90 లీటర్ల డీజిల్ చల్లినట్టే.

దుక్కి, దమ్ము, కోత మిషన్ కలిపి ఎకరానికి 30 లీటర్లు వేద్దాం. మా పొలంలో అటూ ఇటూగా అంతే అవుతుంది. పంపు కరెంటును బొగ్గు వేడిలోకి, అక్కడి నుంచి డీజిల్‌లోకి మార్చితే 2,000 యూనిట్లు దాదాపు 570 లీటర్లు. ఇప్పుడు రెండు ప్రాంతాల వరిని పక్కపక్కన పెడదాం. అన్నీ డీజిల్ లీటర్లలోనే.

కోనసీమ కాలువ కింద రసాయన సాగు: పంపు 0, యూరియా 90, యంత్రాలు 30. మొత్తం 120 లీటర్లు.
అక్కడే ప్రకృతి సాగు: మొత్తం 30 లీటర్లు.

జనగామ బోరు కింద రసాయన సాగు: పంపు 570, యూరియా 90, యంత్రాలు 30. మొత్తం 690 లీటర్లు.
అక్కడే ప్రకృతి సాగు: మొత్తం 600 లీటర్లు.

చూశారా? ఇద్దరూ యూరియా మానేశారు, ఇద్దరూ జీవామృతమే ఇచ్చారు. డెల్టా రైతు ఎనర్జీ ముప్పావు వంతు తగ్గింది. మాది ఎనిమిదో వంతు దగ్గరే ఆగిపోయింది. యూరియా మానడం వల్ల ఆదా అయినదానికి ఆరు రెట్లకు పైగా మా బోరే తాగేస్తోంది.

ఎకరానికి కాకుండా క్వింటాకు లెక్కేస్తే ఇంకా ఇబ్బంది. రసాయన సాగులో 25 క్వింటాళ్లు, ప్రకృతి సాగులో 20 క్వింటాళ్లు వచ్చాయనుకోండి. కోనసీమలో క్వింటాకు 4.8 లీటర్ల నుంచి 1.5కి దిగుతుంది. అద్భుతం. మా దగ్గర మాత్రం 27.6 నుంచి 30కి ఎక్కుతుంది! దిగుబడి తగ్గకుండా 25 వస్తే 24కి దిగుతుంది. అంటే బోరు కింద ప్రకృతి వరి వేసేవాళ్లకు, దిగుబడి కనీసం 22 క్వింటాళ్లు దాటితేనే క్వింటాకు ఎనర్జీ ఆదా అవుతుంది. ఈ అంకెలు నేను వేసుకున్నవి, మీ దిగుబడి మీరు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

నేల ప్రాణం, తిండిలో విషం లేకపోవడం, అప్పు లేకుండా సాగు గడవడం, ఇవన్నీ ఈ లెక్కలో లేవు. అవి వేరే లాభాలు, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఎనర్జీ గురించి మాట చెప్పినప్పుడు ఎనర్జీ లెక్కే చూపించాలి.

మెట్ట ప్రాంతం వాళ్లం ఏం చేయొచ్చు?

మొదటిది, యాసంగిలో బోరు కింద వరి తగ్గించడం. అదే 200 అడుగుల బోరు మీద నాలుగు అంగుళాల తడులతో గట్టెక్కే వేరుశనగ, నువ్వులు, చిరుధాన్యాలు వేస్తే పంపు లెక్క 570 లీటర్ల నుంచి 50 లోపుకు దిగుతుంది. మూడు యూరియా బస్తాలు మానినదానికి ఇది ఐదు రెట్లకు పైన.

రెండోది, వరి తప్పదంటే తడిపి ఆరబెట్టే పద్ధతి. నిలువ నీరు కట్టకుండా మట్టం కాస్త దిగాక మళ్లీ పెట్టడం. నాలుగో వంతు నీళ్లు మిగిలాయంటే 140 లీటర్లు మిగిలినట్టు. ఇది కూడా యూరియా ఆదా కంటే ఎక్కువే.

మూడోది, పంపు. పనితనం 40 నుంచి 50 శాతానికి వస్తే 110 లీటర్లు ఆదా. అరిగిపోయిన ఇంపెల్లర్లు మార్చడం, మట్టానికి తగ్గ స్టేజీలున్న మోటారు పెట్టడం, డెలివరీ పైపు ఒక సైజు పెంచడం, అనవసరపు బెండులు తీసేయడం. కెపాసిటర్ కూడా పెట్టించండి, ఓల్టేజీ నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గుతుంది.

నాలుగోది, ఆచ్ఛాదన, చెరువు. నేల మీద గడ్డి కప్పితే తడులు తగ్గుతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల మట్టి చాలామంది పొలాలకు తోలుకున్నారు. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్ల మట్టం లేస్తుంది. మట్టం 50 అడుగులు లేచిందంటే, ఆ ఆయకట్టు బోర్లన్నీ నాలుగో వంతు తక్కువ తాగుతాయి. ఒక్క రైతు సొంతంగా చేయలేని ఆదా ఇది, ఊరంతా కలిస్తేనే అయ్యేది.

సోలార్ పంపు సంగతి అడుగుతారు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ కింద సబ్సిడీ ఉంది. బొగ్గు లెక్క అక్కడితో సున్నా అవుతుంది, నిజమే. అయితే ఎండ ఉచితం కదా అని పొద్దంతా నడిపితే బోరు అడుగంటుతుంది. అందుకే సోలార్ పెట్టేవాళ్లు పంట మార్పు, డ్రిప్ కూడా కలిపి ఆలోచించండి.

రవాణా మీద కూడా ఒక మాట. ఘనజీవామృతం బయటి నుంచి తెప్పిస్తే ఎనర్జీ దండగ అంటారు కొందరు. లారీ 10 టన్నులతో 300 కిలోమీటర్లు వచ్చి, లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 75 లీటర్లు. ఎకరానికి 400 కిలోలు వేస్తే అది 25 ఎకరాలకు సరిపోతుంది, అంటే ఎకరానికి 3 లీటర్లే. అదే దూరం నుంచి చిన్న ట్రాలీ ఆటోలో ఒక ఎకరానికి సరిపడా తెచ్చుకుంటే 20 లీటర్లు. తేడా సరుకులో లేదు, కలిసి తెచ్చుకోవడంలో ఉంది. ఊళ్లో ఆవు ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు.

చివరగా నా ప్యాకెట్ సంగతి. వానాకాలంలో వానకీ చెరువుకీ పండిన బియ్యం, కోనసీమ కాలువ కింద ప్రకృతి సాగు బియ్యం, ఒకటి రెండు తడులతో వచ్చిన వేరుశనగ నూనె, వీటి మీద ఆ మాట వేస్తాను. యాసంగిలో బోరు కింద పండిన బియ్యం మీద "రసాయనాలు లేనిది" అని మాత్రమే వేస్తాను, ఎందుకంటే నేను నిరూపించగలిగింది అంతే. టోకుగా కొనే ఆయనకూ ఇదే లెక్క చూపించాను, సరేనన్నారు.

ఈ సీజన్ నుంచి నాకు పంట ఇచ్చే రైతులందరినీ నాలుగు అంకెలు పుస్తకంలో రాయమని అడుగుతున్నాను: మోటారు నడుస్తున్నప్పుడు నీటి మట్టం, మోటారు నడిచిన గంటలు, కాలిన డీజిల్, వచ్చిన దిగుబడి. మీరూ రాయండి. రేపు మన ప్రాంతం ఎక్కువ వాడుతోందని ఎవరైనా అంటే మన చేతిలో మన అంకె ఉంటుంది. మేం ఏమీ వాడం అని మనవాళ్లే అంటే, వాళ్లకూ అదే పుస్తకం చూపిద్దాం.